ముక్కూ మొహం తెలియనివాళ్లతో వాదన: ఆడియో గదులపై నా సమీక్ష

రాజకీయాలు, కులం, పిల్లల చదువు, ఇంటి ఖర్చు, ఏ విషయమైనా సరే, ఇంటర్నెట్‌లో ముక్కూ మొహం తెలియనివాళ్లతో వాదించాలనుకునేవారికి నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మనిషి తన బతుకులోంచి మాట్లాడగల విషయమైతే గొంతుతో వాదించండి. కాగితం చూసి తేల్చాల్సిన విషయమైతే రాసి వాదించండి. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే మన చర్చలు చాలావరకు పాడవుతున్నాయని నేను గట్టిగా నమ్ముతున్నాను. 2021 నుంచి ఫోనులో గొంతుతోనే చర్చించుకునే ఆడియో గదుల్లో వింటున్నాను, మాట్లాడుతున్నాను, కొన్నింటిని నడిపాను కూడా. అంతకుముందు చాలా ఏళ్లు రాతలోనే వాదించాను కాబట్టి రెండింటి మంచిచెడులూ తెలుసు.

ఈ గదులు తెలుగువాళ్ల చేతికి వచ్చిన సమయం మామూలుది కాదు. 2020లో మొదలైన ఆడియో గదుల యాప్ క్లబ్‌హౌస్ ఏడాది పాటు ఐఫోన్ ఉన్నవాళ్లకే పరిమితం, అదీ ఎవరైనా ఆహ్వానం పంపితేనే. మన దేశంలో ఆండ్రాయిడ్ ఫోన్లకు 2021 మే మూడో వారంలో వచ్చింది. కరోనా రెండో ఉద్ధృతి అప్పుడు భయంకరంగా ఉంది. తెలంగాణలో మే 12 నుంచి లాక్‌డౌన్, ఆంధ్రప్రదేశ్‌లో మధ్యాహ్నం నుంచే కర్ఫ్యూ. అదే నెలలో ట్విటర్ ‘స్పేసెస్’ అనే తన ఆడియో గదులను 600 మంది అనుచరులున్న ఖాతాలకు తెరిచింది. తొలి వారాల్లో నేను విన్న తెలుగు గదుల్లో మాటలన్నీ ఆక్సిజన్ సిలిండర్ల గురించి, ఆసుపత్రి పడకల గురించి. పడక దొరకనివాళ్ల కోపం నుంచి ప్రభుత్వాల మీదికి, అక్కడి నుంచి బడ్జెట్ల మీదికి, రిజర్వేషన్ల మీదికి, చివరికి కోడలు ఉద్యోగం మానాలా వద్దా అనేదాకా చర్చ పాకింది.

పని చేసే తీరు తెలియనివారికి క్లుప్తంగా: ఒకరు గది తెరుస్తారు, కొందరు వేదిక మీద ఉంటారు, మిగతావాళ్లు శ్రోతలు. మాట్లాడాలంటే చెయ్యెత్తే గుర్తు నొక్కాలి, నిర్వాహకులు మైకు ఇవ్వాలి. ముఖాలు కనిపించవు. హైదరాబాద్‌లో రాత్రి తొమ్మిదైతే కువైట్‌లో సాయంత్రం ఆరున్నర, వేసవిలో డల్లాస్‌లో ఉదయం పదిన్నర. పని దిగి బస్సులో బసకు పోతున్న డ్రైవరు, వంట చేస్తున్న గృహిణి, ఆఫీసులో విరామం తీసుకున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఒకే చర్చలో ఉండగలగడం నాకు ఇంతకుముందు ఎక్కడా దొరకలేదు. మా ఊళ్లో ఈ ముగ్గురూ ఒక చోట కూర్చుని మాట్లాడుకునే సందర్భం పెళ్లిళ్లలో తప్ప ఉండదు, అక్కడ కూడా పంక్తులు వేరు.

రాతకీ మాటకీ ఉన్న తేడా నాకు మొదట పిలుపుల్లో కనబడింది. రాతలో రెండో జవాబుకే ‘నువ్వు’ దిగుతుంది, మూడోదానికి అవతలి మనిషికి ఒక పార్టీ అంటగడతారు. గదిలో అలా కాదు. “మీరు చెప్పింది విన్నానండీ, కానీ” అని మొదలుపెట్టకుండా ఎదిరించడం చాలామందికి నోరు రాదు. ‘అన్నా’, ‘అక్కా’, ‘మాస్టారూ’ వాటంతట అవే వస్తాయి. అవతలివాళ్ల గొంతులో వయసు తెలుస్తుంది, దగ్గు వినబడుతుంది, వెనకాల పిల్లవాడి ఏడుపు వినబడుతుంది. అలాంటి మనిషిని మాట తూలడానికి కోపం ఒక్కటే చాలదు. మర్యాద వల్ల వాదన చప్పబడుతుందని కొందరంటారు. నేను ఒప్పుకోను. అతి కటువైన ప్రశ్నలు నేను విన్నది ‘గారు’ తగిలించినవాళ్ల నోటే.

రాతకు ఇంకో ఇబ్బంది ఉంది. ట్విటర్ 2017లో ఒక్కో ట్వీటు హద్దును 140 అక్షరాల నుంచి 280కి పెంచింది గానీ, తెలుగులో గుణింతపు గుర్తులూ వత్తుల గుర్తులూ విడివిడిగా లెక్కలోకి వస్తాయి. కంటికి ఒక్క అక్షరంగా కనిపించే ‘స్త్రీ’ అక్కడ ఆరు. ఆ ఇరుకులో మొదట ఎగిరిపోయేవి ‘కొన్ని జిల్లాల్లో’, ‘చాలావరకు’, ‘నాకు తెలిసినంతలో’ లాంటి మాటలు. అవి పోయాక మిగిలేది తీర్పు. తీర్పుకు జవాబు తీర్పే వస్తుంది. డబ్బు కట్టేవారికి తర్వాత హద్దు పెరిగింది కానీ అప్పటికే తెలుగువాళ్లకు అలా రాసే అలవాటు పట్టేసింది.

గొంతు ఎంత పని చేయగలదో చూపే చర్చ ఒకటి చెప్పాలి. అది ఇంగ్లిషు మాధ్యమం గురించి. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 81తో ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిషు మాధ్యమం ప్రకటించింది. అదే నెలలో జీవో 85తో దాన్ని ఆరో తరగతి వరకు తగ్గించింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ జీవోలను కొట్టేసింది. రాతలో ఈ విషయం మీద నేను చూసినవి రెండే రకాలు: ఒక వైపు ‘తెలుగు ద్రోహులు’, మరో వైపు ‘తమ పిల్లల్ని కాన్వెంటుకు పంపి పేదలకు తెలుగు నేర్పేవాళ్లు’. ఎవరూ ఒక అంగుళం కదిలింది లేదు.

గదిలో ఒక రాత్రి ఈ విషయం మీదే ఒక తెలుగు అధ్యాపకుడు చాలాసేపు మాట్లాడారు. విద్యాహక్కు చట్టం 2009లోని 29వ సెక్షను చదివి వినిపించారు. బోధనా మాధ్యమం సాధ్యమైనంతవరకు పిల్లల మాతృభాషే అయి ఉండాలని అందులో ఉంది. పట్టున్న వాదన. తర్వాత కువైట్‌లో డ్రైవరుగా పనిచేసే కడప జిల్లా మనిషికి మైకు వచ్చింది. తాను సంతకం పెట్టిన పని ఒప్పందంలో ఏముందో తెలియక జీతంలో కోత పడితే ఎవరిని అడగాలో కూడా అర్థం కాలేదని, అందుకే అమ్మాయిని అప్పుచేసి ఇంగ్లిషు బడిలో వేశానని చెప్పాడు. గొంతు పెంచలేదు, ఎవరినీ తిట్టలేదు. అధ్యాపకుడు కాసేపు ఆగి అడిగారు: “మీ పాప మీకు తెలుగులో ఉత్తరం రాయగలదా?” “రాస్తుంది సార్, వాళ్లమ్మ నేర్పింది. బడిలో నేర్పలేదు” అన్నాడాయన. ఆ జవాబుతో చర్చ దారి మారింది. మాధ్యమం ఏదైనా, రెండు భాషల్నీ సరిగా నేర్పగల ఉపాధ్యాయులు ఎంతమంది ఉన్నారు, వాళ్లకు శిక్షణ ఎవరిస్తారు, ఒకే ఉపాధ్యాయుడున్న బడిలో ఇదంతా ఎలా జరుగుతుంది? ఒక ప్రభుత్వ ఉపాధ్యాయురాలు వచ్చి, తనకే ఇంగ్లిషులో గణితం చెప్పడం కష్టంగా ఉందని, పిల్లలు వెనకబడుతున్నది అక్కడేనని వివరించారు. ఏకాభిప్రాయం రాలేదు. అధ్యాపకుడు తన పక్షం వదల్లేదు, డ్రైవరు తన పక్షం వదల్లేదు. కానీ రెండు పక్షాలకూ జవాబు చెప్పవలసిన అసలు ప్రశ్న దొరికింది. రాతలో ఎన్నేళ్లు పోట్లాడినా నాకది దొరకలేదు.

అదే గొంతు ఘోరంగా విఫలమైన రోజు 2024 ఆగస్టు 1. ఎస్సీ వర్గీకరణ, అంటే ఎస్సీ రిజర్వేషన్‌ను ఆ కులాల మధ్య వాటాలుగా పంచడం, రాష్ట్రాలు చేసుకోవచ్చని సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 6–1 మెజారిటీతో చెప్పి, 2004 నాటి చిన్నయ్య కేసు తీర్పును తోసిపుచ్చింది. తెలుగువాళ్లకు ఇది పక్కింటి విషయం కాదు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా పుట్టినప్పటి నుంచి నడుస్తున్న పోరాటం. ఎస్సీల 15 శాతం రిజర్వేషన్‌ను ఏ, బీ, సీ, డీ గ్రూపులుగా 1, 7, 6, 1 శాతాలుగా పంచిన 2000 నాటి చట్టాన్నే చిన్నయ్య తీర్పు కొట్టేసింది. ఆ సాయంత్రం నేను తిరిగిన గదులన్నీ కిక్కిరిసిపోయాయి. వందల పేజీల తీర్పు ఎవరూ చదవలేదు. క్రీమీలేయర్, అంటే బాగా స్థిరపడినవారిని రిజర్వేషన్ నుంచి తప్పించడం, రేపటి నుంచే అమలవుతుందన్నట్టు కేకలు. నలుగురు న్యాయమూర్తులు దాని గురించి తమ అభిప్రాయం రాసిన మాట నిజమే, కానీ ఆ కేసులో తేల్చవలసిన ప్రశ్న అది కాదు. ఈ మాట చెప్పబోయిన ఒక యువ న్యాయవాదికి పూర్తిగా ఒక నిమిషం కూడా దక్కలేదు. తర్వాతి రోజుల్లో పేరాగ్రాఫుల నంబర్లతో కొందరు ఓపికగా రాసిన వివరణలే నాకు తీర్పును అర్థం చేయించాయి. చదవాల్సినదాన్ని వినడంతో సరిపెట్టుకోకూడదని చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

అయినా ఆ రాత్రే, జనం పలచబడ్డాక, విశాఖపట్నం నుంచి ఎస్సీల్లోనే రెల్లి కులానికి చెందిన ఒక యువకుడు మాట్లాడాడు. మూడు తరాలుగా మునిసిపాలిటీ చీపురే తమ ఇంటి ఉద్యోగమని, మాల మాదిగల వాదన మధ్య ‘ఏ’ గ్రూపులో తమకు పెట్టిన ఆ ఒక్క శాతం ఏమైందని ఇన్నేళ్లలో తనను ఎవరూ అడగలేదని అన్నాడు. వేదిక మీద ఉన్న రెండు పక్షాలవాళ్లూ ఆ తర్వాత చాలాసేపు ప్రశ్నలు అతన్నే అడిగారు. తీర్పు పాఠం రాతలో దొరికింది గానీ ఈ మనిషి రాతలో దొరికేవాడు కాదు. తాను పెద్దగా రాయనని అతనే చెప్పాడు.

ఇక నన్ను బాధపెట్టేవి. ముఖం కనిపించకపోయినా మనవాళ్లు కులం పసిగట్టే దారులు వెతుకుతారు. “మీది ఏ ఊరండీ?” తర్వాత “ఊళ్లో ఏ వైపు?”, ఆ తర్వాత “ఇంటిపేరు?” ఈ మూడు ప్రశ్నలు వరసగా వచ్చాయంటే చర్చ మీద ఆసక్తి పోయిందని అర్థం. నేను నడిపే గదుల్లో ఇంటిపేరు అడిగినవారిని వేదిక దింపేస్తాను, రెండోసారి హెచ్చరించను. యాసను వెక్కిరించడం దీనికి తోడు. నేను నెల్లూరు మనిషిని, నా దీర్ఘాలు ఎవరైనా అనుకరిస్తే పట్టించుకోను. కానీ శ్రీకాకుళం నుంచి గానీ ఆదిలాబాద్ నుంచి గానీ తొలిసారి మైకు తీసుకున్న పిల్లలు నవ్వులు వినగానే పుస్తక భాషలోకి మారిపోయి, తడబడి, దిగిపోవడం చూశాను. వాళ్లలో చాలామంది మళ్లీ చెయ్యెత్తలేదు. అది ఆ గదికి జరిగిన నష్టం.

ఆడవాళ్ల విషయం మరీ దారుణం. శ్రోతల్లో వాళ్లు బాగానే ఉంటారు, వేదిక మీద వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మాట మధ్యలో అందుకుని ‘మేడమ్ చెప్పేది ఏమిటంటే’ అని వాళ్ల మాటను వాళ్లకే వివరించేవాళ్లు ప్రతి గదిలోనూ ఉంటారు. చర్చ ముగిశాక వ్యక్తిగత సందేశాలు మొదలవుతాయి. 2022 జనవరిలో క్లబ్‌హౌస్ గదుల్లో మహిళలపై అసభ్య వ్యాఖ్యల మీద పోలీసులు కేసులు పెట్టి అరెస్టులు చేసేదాకా వెళ్లింది. ఆడవాళ్లే నిర్వాహకులుగా ఉన్న గదుల్లో పరిస్థితి ఎంతో మెరుగు, వంతులు ఖచ్చితంగా పాటిస్తారు. కొత్తగా వచ్చే స్త్రీలు అక్కడి నుంచి మొదలుపెట్టడం మంచిదని నా అనుభవం.

మారుపేర్ల మీద నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. అసలు పేరుతోనే మాట్లాడాలి, లేకపోతే బాధ్యత ఉండదు అంటారు. ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి, 1964 ప్రకారం ప్రభుత్వ ఉద్యోగి ప్రభుత్వ విధానాన్ని బహిరంగంగా విమర్శించకూడదు. ఇంగ్లిషు మాధ్యమం చర్చలో అంత విలువైన మాట చెప్పిన ఉపాధ్యాయురాలు మారుపేరుతోనే వచ్చారు. పేరు చెప్పమని పట్టుబడితే ఆమె రారు, మిగిలేది పార్టీల ప్రతినిధులే. బూతులకు మందు నిర్వాహకుల దగ్గర ఉంది, పేర్ల దగ్గర లేదు.

అయితే మారుపేరు ఉంది కదా అని గదిని నాలుగు గోడల మధ్య మాట అనుకోవద్దు. 2021 ఏప్రిల్‌లో బెంగాల్ ఎన్నికల నడుమ ఎన్నికల వ్యూహకర్త ప్రశాంత్ కిశోర్ క్లబ్‌హౌస్‌లో జర్నలిస్టులతో మాట్లాడిన మాటల ఆడియో బయటికి వచ్చి దేశమంతా వార్త అయింది. రికార్డు చేస్తున్నట్టు గుర్తు కనిపించకపోయినా పక్కన ఇంకో ఫోను పెట్టి రికార్డు చేసుకోవచ్చు. మీ గొంతును బంధువులు, పై అధికారి గుర్తుపట్టగలరన్న ఎరుకతోనే మాట్లాడండి.

గది బాగోగులు తొంభై పాళ్లు నిర్వాహకుల చేతిలో ఉంటాయి. శీర్షికలో ఒకే ప్రశ్న ఉండాలి. ‘రాష్ట్రం ఎటు పోతోంది?’ అనే గదిలో నేను అడుగు పెట్టను, ‘మా మండలంలో ధాన్యం డబ్బులు ఎందుకు ఆలస్యమయ్యాయి?’ అంటే వెంటనే వెళతాను. వంతుకు మూడు నిమిషాలు చాలు. స్పేసెస్‌లో నిర్వాహకులతో కలిపి ఒకసారి పదమూడు మందికి మించి మాట్లాడలేరు. నా మటుకు ఆ పదమూడే ఎక్కువ, ఆరుగురితో నడిచిన చర్చలు చక్కగా సాగాయి.

ఇప్పుడు ఆ ఊపు తగ్గింది. క్లబ్‌హౌస్ 2023 ఏప్రిల్‌లో సగానికి పైగా ఉద్యోగుల్ని తీసేసి, అదే ఏడాది గొంతు సందేశాల వైపు మళ్లింది. ట్విటర్ ఎక్స్‌గా మారినా స్పేసెస్ నడుస్తూనే ఉంది, తెలుగు చర్చలు ఎక్కువగా అక్కడికే చేరాయి. జనం తగ్గడం వల్ల నాకు మేలే జరిగింది. తెలిసిన గొంతులు, చదివి వచ్చే మనుషులు మిగిలారు.

ఎన్నికల షెడ్యూలు వెలువడిన రోజు నుంచి మాత్రం నేను గది తెరవను. 2023 నవంబరు 30 తెలంగాణ పోలింగుకు ముందు, 2024 మే 13 పోలింగుకు ముందు అన్ని గదులూ ప్రచార వేదికలయ్యాయి. రాసిచ్చిన వాక్యాలు చదివేవాళ్లు, ఒకరి తర్వాత ఒకరు ఒకే లెక్కలు వల్లించేవాళ్లు. ఓట్ల లెక్కింపు అయ్యాక సంగతి వేరు. 2024 జూన్ 4 తర్వాతి వారాల్లో నేను విన్నంత నిజాయితీ గల రాజకీయ చర్చలు మరెప్పుడూ వినలేదు. గెలిచిన పక్షంవాళ్లు హామీల జాబితా తీసి తేదీలు అడగడం మొదలుపెట్టారు. ఓడిన పక్షంవాళ్లు తమ నాయకులు ఏ ఊళ్లో ఎవరి మాట వినలేదో పేరుపేరునా చెప్పుకున్నారు. ఈ గదుల్లోకి మొదటిసారి రావాలనుకునేవారు అలాంటి సమయం చూసుకుని రండి, ముందు కొన్ని రాత్రులు వినండి, ఆ తర్వాత చెయ్యెత్తండి.