నల్లరేగడి పత్తిలో కలుపు: గుంటక మేలా, గడ్డిమందు మేలా?

పత్తికి కలుపు గండం మొదటి 60 రోజులే. అప్పుడు వాన తెరిపిస్తే సాళ్ల మధ్య తోలి కలుపు తీసే గుంటకను మించింది లేదు, ముసురు పడితే మందే దిక్కు.

90 సెంటీమీటర్ల ఎడంతో నిలువూ అడ్డం గీతలతో చదరంగా అచ్చు తీసి విత్తిన చేలో గుంటక నిలువూ అడ్డం తిరుగుతుంది. కూలీలు తీయాల్సింది మొక్కల మొదళ్లలో మిగిలిన కలుపే. విత్తిన 20-25 రోజులకు మొదలుపెట్టి, 10-15 రోజులకోసారి, కొమ్మలు కలిసేదాకా తోలాలి. పైమట్టి గుల్లబారి, నెర్రెలు పూడి, నేలలో పదును నిలుస్తుంది. ఈ మేలు ఏ మందుతోనూ రాదు. రెండంగుళాల లోతు చాలు. మొక్క పెరిగాక ఇంకా లోతుకు దించితే పక్కవేర్లు తెగుతాయి.

తోలేముందు పిడికెడు మట్టి పిసికి చూడండి. పొడిపొడిగా రాలితే తోలొచ్చు, ముద్దయి వేళ్లకు అంటితే ఆగాలి. ఆ తడిలో తోలితే తెగిన పాయలాకు కలుపు ముక్కలు మళ్లీ వేరు పోసుకుంటాయి.

ఇక మందులు. విత్తిన 48 గంటల్లోపు ఎకరాకు పెండిమిథాలిన్ 30 శాతం మందు 1 నుంచి 1.3 లీటర్లు, 200 లీటర్ల నీటిలో. ఇది తడి నేల మీద పొరలా పరుచుకుని మొలకను చంపుతుంది. పొడి దుక్కి మీద కొడితే ఎండకు ఎగిరిపోతుంది, మొలిచిన కలుపును ఏమీ చేయదు. ‘మందు పనిచేయలేదు’ అనేది ఎక్కువగా ఈ రెండు తప్పుల వల్లే.

ముసురు వదలక గుంటక దిగకపోతే, 20-25 రోజులకు, కలుపు 2-4 ఆకులతో ఉండగా, 20 లీటర్ల ట్యాంకుకు పైరిథియోబ్యాక్ సోడియం 10 శాతం 25 మి.లీ., క్విజలోఫాప్ ఇథైల్ 5 శాతం 40 మి.లీ. కలిపి ఎకరాకు 10 ట్యాంకులు కొట్టాలి. మొదటిది వెడల్పాకు కలుపుకు, రెండోది గడ్డిజాతికి. పత్తి ఆకు కొద్దిగా పసుపెక్కినా తేరుకుంటుంది, కంగారుపడి ఇంకో మందు కొట్టకండి. తుంగ మాత్రం దీనికి లొంగదు. గడ్డలు తవ్వి ఏరాల్సిందే.

ఏ పచ్చమొక్కనైనా చంపే గడ్డిమందు గ్లైఫోసేట్ పడితే పత్తే మాడిపోతుంది. దాన్ని తట్టుకుంటుందని గుట్టుగా అమ్మే విత్తనానికి మన దేశంలో అనుమతి లేదు.

వరిలో 2,4-డి అనే గడ్డిమందు కొట్టిన పంపును పత్తికి వాడొద్దు. ట్యాంకులో మిగిలిన కాస్త మందుకే పత్తి ఆకులు బెండాకుల్లా సన్నగా చీలిపోతాయి.