మెడికల్ కోడింగ్, బయోఇన్ఫర్మాటిక్స్, ఆసుపత్రి డేటా: ఏది మేలు?

మా అక్క కూతురు నల్గొండలో బీఎస్సీ మైక్రోబయాలజీ చివరి ఏడాది చదువుతోంది. "మామయ్యా, మెడికల్ కోడింగ్ నేర్చుకోనా, ఎమ్మెస్సీ బయోఇన్ఫర్మాటిక్స్‌లో చేరనా?" అని మొన్న అడిగింది. ఫోనులో నేను చెప్పింది నాకే సరిపోలేదు. మహబూబ్‌నగర్, సూర్యాపేట కాలేజీల్లోనూ ఇదే ప్రశ్నతో సతమతమవుతున్న పిల్లలు ఉంటారని ఇది రాస్తున్నాను. ఏడేళ్లు మెడికల్ కోడర్‌గా పనిచేశాను. ఇప్పుడు ఒక ఆసుపత్రిలో రికార్డుల డేటా చూస్తున్నాను.

ఇంటికి జీతం వెంటనే అవసరమైతే కోడింగే మేలు. కొన్ని నెలల శిక్షణ, సీపీసీ అనే కోడర్ల అర్హత పరీక్ష చాలు. డాక్టరు రాసిన కేసు షీటు చదివి, రోగానికి ఐసీడీ-10 అనే అంతర్జాతీయ జబ్బుల జాబితాలోని కోడు, చికిత్సకు సీపీటీ అనే అమెరికా జాబితాలోని కోడు వేయాలి. పని ఎక్కువగా అమెరికా బీమా బిల్లుల కోసం. చిక్కులు లేని టైప్-2 మధుమేహం ఈ11.9, కిడ్నీలు దెబ్బతింటే ఈ11.2 వరుసలోకి వెళుతుంది. మనిషి శరీరం గురించి చదువుకున్న వారికి ఇది త్వరగా పట్టుబడుతుంది. కానీ రోజూ ఇన్ని చార్టులని లెక్క ఉంటుంది, తప్పులు పెరిగితే మాట పడాలి. సులువైన చార్టులకు ఇప్పుడు సాఫ్ట్‌వేరే కోడ్లు సూచిస్తోంది. అందుకే చేరిన మొదటి ఏడాదే ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌లోంచి సమాచారం రాబట్టే భాష) నేర్చుకోవాలి. నేను ఆలస్యం చేసి రెండేళ్లు నష్టపోయాను.

బయోఇన్ఫర్మాటిక్స్ వేరే లోకం. మనిషి డీఎన్‌ఏలో సుమారు 300 కోట్ల అక్షర జంటలు ఉంటాయి, వాటిలో ఏ మార్పు ఏ జబ్బుకు దారితీస్తుందో కంప్యూటర్‌తో వెతకాలి. పైథాన్, ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలు, లైనక్స్‌తో పాటు గణాంకశాస్త్రం మీద ప్రేమ ఉండాలి. ఎమ్మెస్సీతో ఆగితే అవకాశాలు తక్కువ. పీహెచ్‌డీ దాకా వెళ్లగలిగితే సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలు రెండూ మన హైదరాబాద్‌లోనే ఉన్నాయి. జేఆర్ఎఫ్ (పరిశోధక విద్యార్థులకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. అయినా ఏడెనిమిదేళ్ల దారి. ఆగగలిగిన ఇల్లు, ఆగగలిగిన మనసు రెండూ కావాలి.

మూడోది ఎవరూ చెప్పనిది, నాకు అన్నింటికన్నా ఇష్టమైనది: ఆసుపత్రుల, ప్రజారోగ్య డేటా. 2021లో ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ మొదలయ్యాక, 14 అంకెల ఆభా (ఆరోగ్య ఖాతా) నంబరుతో రోగుల రికార్డులు కలిపే పని నడుస్తోంది. మొదటి జీతం కోడింగ్ కంటే తక్కువ ఉండవచ్చు. కానీ ఈ పనికి మన ఊరు తెలిసినవాళ్లు కావాలి.

ఎందుకంటే, అక్క కూతురి తాతగారిది మర్రిగూడ వైపు. ఫ్లోరైడ్ నీళ్లతో నడుము వంగిపోయింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదని ప్రమాణం. ఆయన తరం అంతకు మించిన బోరు నీళ్లే తాగింది. దెబ్బతిన్న ఎముకలు మళ్లీ బాగుపడవు. గత ఆదివారం ఆయన పాత ఓపీ చీటీలు మంచం మీద పరిచి, ఒక్కోదానికి కోడు వేయమని అక్క కూతురితో అన్నాను. పదకొండు చీటీలు. తొమ్మిదింటిలో ఉన్నది 'కీళ్ల నొప్పులు' అని మాత్రమే. డాక్టరు రాసినదానికే కోడు వేయాలి కనుక అవన్నీ ఎం25.5 (కీళ్ల నొప్పి) అయ్యాయి. ఎముకల ఫ్లోరోసిస్‌కు, అంటే ఫ్లోరైడ్ వల్ల ఎముకలు పాడయ్యే జబ్బుకు, ఎం85.1 అనే కోడు ఉంది; అది రెండింటికే పడింది. తాగునీరు ఎక్కడిదన్న గడి ఒక్క చీటీలోనూ లేదు. మిషన్ భగీరథ కుళాయి నీళ్లు వచ్చాక ఏ ఊళ్లో కొత్త కేసులు ఆగాయో ఇలాంటి చీటీలతో ఎలా తేలుతుంది? ఆ గడి ఎక్కడ పెట్టాలో తెలిసిన మనిషి ఆసుపత్రికి కావాలి.

ఆమెకు చెప్పింది ఇదే: రెండేళ్లు కోడింగ్ చెయ్యి, సాయంత్రాలు ఎస్‌క్యూఎల్ నేర్చుకో, తర్వాత ప్రజారోగ్యంలో పీజీకి రా. ఆమె ఇంకా ఏమీ తేల్చుకోలేదు. చీటీలు మాత్రం తిరిగి తాతగారికి ఇవ్వకుండా, తేదీల వారీగా ఒక పుస్తకంలో ఎక్కిస్తోంది.