కీమో ముగిసినవారికి "రక్తనాళాలు పెంచే" సీరం అమ్ముతున్నారు, జాగ్రత్త

ఆ సీరం పేరు ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. కీమో తరువాత జుట్టు గురించి ఒక్కసారి వెతికినా చాలు, ఆ ప్రకటన ఇక మిమ్మల్ని వదలదు. తలలో కొత్త రక్తనాళాలు పుట్టించి కుదుళ్లకు ప్రాణం పోస్తుందట. 2001లో వెలువడిన ఎలుకల అధ్యయనాన్ని సాక్ష్యంగా చూపుతారు. కుదుళ్లలో వీఈజీఎఫ్ అనే ప్రోటీన్ అధికంగా తయారయ్యేలా చేస్తే చుట్టూ రక్తనాళాలు పెరిగి, వెంట్రుకలు త్వరగా, లావుగా వచ్చాయన్నది నిజమే. అయితే అవి జన్యువులు మార్చిన ఎలుకలు. వాటికి ఎవరూ సీసాలోని నూనె రాయలేదు.

మా అక్కకు పాక్లిటాక్సెల్ అనే కీమో మందు ముగిసినా బెవాసిజుమాబ్ ఇంజెక్షన్ కొనసాగుతోంది. కణితికి రక్తనాళాలు పెరగకుండా ఆ వీఈజీఎఫ్‌నే అడ్డుకోవడం దాని పని. అంటే సెలైన్‌ గొట్టంలోంచి ఆపుతున్నదాన్నే వీరు డ్రాపర్‌తో తలపై పోస్తామంటున్నారు! డబ్బు కట్టేశాక గాని ఈ మహాజ్ఞానం నాకు కలగలేదు. వాడవచ్చా అని వివరంగా రాసి అడిగితే, "నూరు శాతం సహజం, దుష్ప్రభావాలు లేవు" అన్న అచ్చువాక్యం వచ్చింది. మందు పేరు రాసి మళ్లీ అడిగాను. "మీ అక్కగారికి జుట్టు కావాలో, అనుమానాలు కావాలో ముందు తేల్చుకోండి" అని జవాబిచ్చి నా నంబరు బ్లాక్ చేశారు. క్యాన్సర్ రోగి తరఫున అడిగిన ప్రశ్నకు దక్కిన మర్యాద అది. వారు చెప్పేది నిజమైతే అది తప్పక అడగవలసిన ప్రశ్న. అబద్ధమైతే సీసాలో ఉన్నది రంగునీళ్లు. రెండింటిలో ఏది ఒప్పుకున్నా అమ్మకం ఆగిపోతుంది కాబట్టి నోరు మూయించడమే సులువైంది.

ఇక ఆ "ముందు, తరువాత" ఫొటోల సంగతి. కీమో దెబ్బ ప్రధానంగా కుదురు అడుగున వేగంగా విభజన చెందే కణాలపై పడుతుంది. వాటిని తిరిగి పుట్టించే మూలకణాలు సాధారణంగా మిగిలే ఉంటాయి. అందుకే చాలామందికి చికిత్స ముగిసిన కొన్ని వారాల నుంచి కొన్ని నెలలలోపు జుట్టు దానంతటదే మొలిచి, నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. తన కోడి కూయబట్టే తెల్లవారిందన్నట్టు ఆ ఘనతను వీరు సీసాకు కట్టబెడుతున్నారు.

తలకు ఏది రాయాలన్నా, జుట్టు పెరగడానికి వాడే మినాక్సిడిల్ మందు అయినా సరే, ముందు ఆంకాలజిస్టును (క్యాన్సర్ వైద్యుణ్ణి) అడగండి. ఆరు నెలలు దాటినా జుట్టు సరిగా రాకపోతే ఆ మాట కూడా వారికే చెప్పండి. డోసిటాక్సెల్ వంటి కీమో మందుల తరువాత కొందరిలో జుట్టు పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.