నాణేల గ్రేడింగ్: ఏళ్ళ తరబడి పంపాక నా అనుభవం

అమెరికాలో ఉంటూ నేను సేకరించేవి రెండు రకాలు: మోర్గాన్ అనే పాత అమెరికా వెండి డాలర్లు, హైదరాబాద్ నిజాముల చార్మినార్ రూపాయలు. డాలర్లు ఎక్కువగా పీసీజీఎస్‌కి, రూపాయలు ఎక్కువగా ఎన్‌జీసీకి చాలా ఏళ్ళుగా పంపుతున్నాను. రెండూ నాణేల స్థితిని అంచనా వేసే సంస్థలు. పీసీజీఎస్ 1986లో, ఎన్‌జీసీ 1987లో ఈ పని మొదలుపెట్టాయి. నాణేన్ని పరీక్షించి, 1 నుంచి 70 దాకా ఉన్న కొలమానంలో అంకె వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో, అంటే స్లాబ్‌లో సీలు చేసి తిరిగి పంపుతాయి. 60, ఆ పైన అంకె వస్తే ఆ నాణెం చేతులు మారి అరగలేదని అర్థం.

చాలామంది ఆ అంకె కోసమే పంపుతారు. నాకు మాత్రం ఈ సేవలో నిజంగా విలువైనవి వేరే రెండు జవాబులు. నాణెం అసలుదేనా? దాన్ని ఎవరైనా తోమారా, గీకారా, మార్చారా? ఈ రెండింటికీ డబ్బు కట్టడం నాకెప్పుడూ దండగ అనిపించలేదు.

మొదటి జవాబు ఎంత అవసరమో 1893లో శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాల కొట్టిన మోర్గాన్ డాలర్‌ని చూస్తే తెలుస్తుంది. వాడకం కోసం కొట్టిన మోర్గాన్లలో అతి తక్కువ సంఖ్యలో వచ్చినది అదే, లక్ష మాత్రమే. అదే ఏడాది ఫిలడెల్ఫియాలో కొట్టిన డాలర్ మీద టంకశాల గుర్తు ఉండదు. దాని వెనక శాన్‌ఫ్రాన్సిస్కో గుర్తైన చిన్న ‘ఎస్’ అతికించి అమ్మేవాళ్ళు ఎప్పటినుంచో ఉన్నారు. అసలైన 1893 ‘ఎస్’ నాణేలన్నిటికీ బొమ్మ వైపు ఒకే అచ్చు వాడారు కాబట్టి, లిబర్టీ అన్న మాటలో ‘టీ’ పైభాగాన సన్నని ఏటవాలు గీత ఒకటి ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. పదింతలు చూపించే భూతద్దంతో ఓపిగ్గా వెతికితే దొరుకుతుంది. అది తెలిసి కూడా, స్లాబ్ లేని 1893 ‘ఎస్’ని నేను కొనను.

రెండో జవాబు మన తెలుగువాళ్ళకు బాధ కలిగించేది. మన ఇళ్ళలో వెండి నల్లబడితే చింతపండుతో తోమేస్తాం. పళ్ళేనికీ కుందికీ అది మంచిదే, నాణేనికి మాత్రం చావుదెబ్బ. అచ్చు దెబ్బ పడినప్పుడు లోహం మీద కంటికి కనబడనంత సన్నని చారలు ఏర్పడతాయి. దీపం కింద నాణేన్ని కాస్త వంచి తిప్పితే వెలుగు బండిచక్రం ఆకుల్లా గుండ్రంగా తిరిగేది ఆ చారల వల్లే. పులుపు వాటిని తినేస్తుంది, పీచు గీతలు పెడుతుంది. నాణెం తెల్లగా తళతళలాడుతుంది కానీ ఆ తిరిగే వెలుగు ఉండదు. నేను వేలంలో కొన్న చివరి నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ రూపాయలు కొన్ని ఇలాగే అంకె లేకుండా ‘డీటెయిల్స్’ అన్న లేబుల్‌తో, పక్కన ‘క్లీన్డ్’ అన్న మాటతో తిరిగొచ్చాయి. దండలో గుచ్చడానికి కొక్కెం అతికించి, తర్వాత ఊడదీసిన రూపాయలకూ అదే గతి. అంచు మీద టంకం మచ్చ మన కంటికి ఆనకపోయినా గ్రేడర్ల కంటికి ఆనుతుంది. ఇంట్లో తాతల నాటి రూపాయలుంటే దయచేసి ముట్టుకోకండి. నలుపు ఉండనివ్వండి.

పంపే పద్ధతి గురించి కొంత చెప్పాలి. మెత్తటి పీవీసీ కవర్లు వద్దు, వాటినుంచి వచ్చే పచ్చటి జిగురు లోహాన్ని పాడు చేస్తుంది. పీవీసీ లేని మడత కవర్లు, అంటే ఫ్లిప్‌లు కొనండి, స్టేపుల్ పిన్ను కొట్టకండి. నేను రిజిస్టర్డ్ మెయిల్‌లోనే పంపుతాను. నెమ్మదే, కానీ చేతులు మారిన ప్రతిచోటా సంతకం ఉంటుంది, 50,000 డాలర్ల వరకు బీమా ఉంటుంది. పెట్టె అతుకులకు కాగితం టేపే వేయాలి. వాటి మీద పోస్టాఫీసు వాళ్ళు ముద్రలు కొడతారు కాబట్టి నున్నటి ప్లాస్టిక్ టేపును ఒప్పుకోరు.

నాకు అసంతృప్తి ఉన్నది రెండు విషయాల్లో. ఒక సంస్థ చెప్పిన గడువు దాటిపోయి చాలా కాలం ఎదురుచూడాల్సి వచ్చింది, ఫోన్ చేసినా తేదీ చెప్పలేదు. ఇంకొకటి, కారణం ఒక్క మాటలో రాసి ఊరుకుంటారు. ‘క్లీన్డ్’ అంటే ఎక్కడ, ఏ వైపు అని రెండు మాటలు రాస్తే నేర్చుకునేవాడికి ఎంత మేలు!

ఇక అంకె. మోర్గాన్లలో చాలా సంవత్సరాలకు 64కీ 65కీ మధ్య ధర ఒక్కసారిగా ఎగురుతుంది. కానీ ఆ తేడా నాణెం మీది లిబర్టీ బొమ్మ బుగ్గ మీద ఒక నొక్కు అటో ఇటో అయినంతే. స్లాబ్ పగలగొట్టి మళ్ళీ పంపితే అదే నాణెం 63 నుంచి 64 కావడం నా దగ్గరే జరిగింది. మనుషులు కంటితో చూసి చెప్పేది కాబట్టి అది అభిప్రాయమే, తూకం కాదు. అందుకే 2007లో జాన్ ఆల్బనీస్ మొదలుపెట్టిన సీఏసీ నాకు నచ్చింది. స్లాబ్‌లో ఉన్న అమెరికా నాణేన్ని వాళ్ళు మళ్ళీ చూసి, ఆ అంకెకు గట్టిగా నిలబడేదైతే ఆకుపచ్చ స్టిక్కర్ అంటిస్తారు, అంకె తక్కువ పడిందనుకుంటే బంగారు రంగుది. డాలర్ల విషయంలో నేను అంకె కన్నా ఆ స్టిక్కర్‌నే ఎక్కువ నమ్ముతాను. మన రూపాయలకు ఆ సదుపాయం లేకపోవడం పెద్ద లోటు.

నిజాం రూపాయలకు గ్రేడింగ్ వల్ల ఇంకో మేలుంది. లేబుల్ మీద హిజ్రీ సంవత్సరం, పాలనా సంవత్సరం రెండూ వేస్తారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చార్మినార్ నాణేల్లో ద్వారం లోపల ఉర్దూ లిపిలోని ‘మీమ్’ అక్షరం, ఉస్మాన్ అలీ ఖాన్‌వాటిలో ‘ఐన్’ ఉంటాయి. ఆ ఐన్ పొట్టిగా ఉన్న తొలి రకాలు వేరు. ఉర్దూ చదవడం రాని కొనుగోలుదారుకు ఈ లేబుల్ చాలా సాయం చేస్తుంది.

భారత్‌లో ఉన్నవాళ్ళకు ఒక ముఖ్యమైన మాట. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు నిండిన నాణెం పురావస్తువే. గ్రేడింగ్ కోసమైనా సరే, దాన్ని వ్యక్తులు దేశం దాటించకూడదు. మహబూబ్ అలీ ఖాన్ రూపాయలు, విక్టోరియా రూపాయలు అన్నీ ఈ లెక్కలోకి వస్తాయి. వందేళ్ళు నిండనివాటిలో పరీక్షకు తప్పక తగినది 1939 నాటి ఆరో జార్జి రూపాయి. ఆ మరుసటి ఏడాది నుంచి రూపాయిలో వెండి సగానికి తగ్గిపోయింది. అరుదైన నాణెం కావడంతో దానికి నకిలీలు బాగా తయారవుతున్నాయి.

ఖర్చు మాటకొస్తే, రుసుము, రానుపోను తపాలా, బీమా కలిపి లెక్కేయండి. 1881 శాన్‌ఫ్రాన్సిస్కో మోర్గాన్ లాంటివి మంచి స్థితిలో ఎక్కడ పడితే అక్కడ దొరుకుతాయి, అలాంటి నాణెం 63 వస్తే ఖర్చు రాదు. దాన్ని స్లాబ్‌లో ఉన్నదే కొనుక్కోవడం చవక. కొనేముందు స్లాబ్ మీది నంబరును సంస్థ వెబ్‌సైట్లో కొట్టి, అక్కడున్న ఫొటోతో గీత గీతా పోల్చండి. అసలు నంబర్లనే ముద్రించిన నకిలీ స్లాబులు కూడా తిరుగుతున్నాయి.