పదేళ్ల ఫ్లాటు కాపురం: ఇల్లు బాగుంది, వీధి మొగ ఇరుకు

2015 శ్రావణమాసంలో హైదరాబాద్ శివార్లలో, నిజాంపేట వైపు ఒక అయిదంతస్తుల అపార్ట్‌మెంటులో గృహప్రవేశం చేశాం. పదేళ్లు నిండాయి. కొత్తగా ఫ్లాటులో దిగినవాళ్లు టైల్సు గురించీ కప్‌బోర్డుల గురించీ చక్కగా రాస్తుంటారు. నేను రాయదలచినది గేటు దాటాక మొదలయ్యే సంగతి. ఇంటి లోపల మమ్మల్ని ఇబ్బంది పెట్టినవన్నీ మేస్త్రీతోనో ప్లంబరుతోనో తీరిపోయాయి. గేటు బయటివి అంత సులువుగా తీరలేదు.

ముందు ఇంటి మాట చెప్పేస్తాను. మూడో అంతస్తు, తూర్పు ముఖం, రెండు పడకగదులు. ఉదయం ఎండ హాలు సగం దాకా వస్తుంది, సాయంత్రం వంటింట్లోకి గాలి తగులుతుంది. నాలుగో ఏట స్నానాలగది గోడకు చెమ్మ పట్టింది, అటకమీది పైపు మార్పిస్తే పోయింది. అపార్ట్‌మెంటు నిర్వహణకని ముందే మా దగ్గర వసూలు చేసిన కార్పస్ ఫండు అప్పగించడానికి బిల్డరు రెండేళ్లు తిప్పించుకున్నాడు. బోరులో నీళ్లు మొదటి మూడేళ్లు బాగానే ఉండేవి, తర్వాత ప్రతి వేసవిలోనూ ట్యాంకరే దిక్కు. 2021 జనవరిలో హైదరాబాద్ నగరపాలక సంస్థ (జీహెచ్‌ఎంసీ) పరిధిలో ఇంటికి నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకం మొదలైనప్పుడు మా ప్రాంతం ఆ గీత బయట ఉంది. ఇరుగుపొరుగు మాత్రం బంగారం. ఈ ఇంటిని అమ్మాలని ఒక్కరోజు కూడా అనిపించలేదు.

ఇక వీధి. మాది 40 అడుగుల రోడ్డు అని అమ్మకం కాగితాల్లో ఉంది. మా గేటు ముందు టేపు పెట్టి కొలిచినా 40 అడుగులే వస్తుంది. అది అబద్ధం కాదు. కానీ మా వీధి పెద్దరోడ్డులో కలిసేచోట, అంటే వీధి మొగలో, ఒక పక్క పాత ఇంటి ప్రహరీ ముందుకు వచ్చి ఉంటుంది, రెండో పక్క కరెంటు స్తంభమూ దాని పక్కనే ట్రాన్స్‌ఫార్మరు గద్దె. నడుమ మిగిలేది ఒక ట్యాంకరు వెళ్లేంత. రెండు వైపులనుంచీ రెండు కార్లు వస్తే ఒకటి వెనక్కి వెళ్లాలి. మేం ఫ్లాటు చూడడానికి వచ్చింది ఆదివారం మధ్యాహ్నం. ఆ వేళ వీధి మొగలో ఒక కుక్క పడుకుని ఉంది తప్ప ఇంకేమీ లేదు.

ఇలా ఎందుకు అయిందో తెలుసుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది. మా వారు సివిల్ ఇంజనీరు దగ్గర పనిచేసే స్నేహితుణ్ని ఇంటికి పిలిచి కూర్చోబెట్టి అడిగితే అర్థమైంది. హైదరాబాద్ చుట్టుపక్కల 2006లో వచ్చిన 86వ నంబరు జీవో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితిని తీసేసింది. 2012లో వచ్చిన 168వ నంబరు జీవో కూడా అదే దారిలో నడిచింది. అంటే ఇంత స్థలంలో మొత్తం ఇంతే కట్టాలనే లెక్క లేదు. ప్లాటు ఎంత, ముందున్న రోడ్డు ఎంత వెడల్పు, చుట్టూ ఎంత ఖాళీ వదిలారు అనేవాటిని బట్టి ఎత్తు నిర్ణయమవుతుంది. 18 మీటర్లకు చేరితే ఎత్తైన భవనాల కింద లెక్క, అగ్నిమాపక శాఖ అనుమతులు, ఇంకా వెడల్పైన రోడ్డు కావాలి. అందుకే శివార్లలో ఎక్కడ చూసినా స్టిల్టు (కార్లు నిలపడానికి స్తంభాల మీద వదిలిన కింది భాగం), పైన అయిదు అంతస్తులు. మా భవనానికీ అన్ని అనుమతులూ ఉన్నాయి. ప్లాను ప్రకారమే కడతామన్న హామీగా నిర్మాణంలో పది శాతం తనఖా పెట్టి, ఓసీ (నివాసయోగ్యతా పత్రం) వచ్చాక విడిపించుకున్నారు. మా ఫైలు మొత్తం తిరగేశాను. మా గేటు ముందు రోడ్డు వెడల్పు ఉంది. ఆ రోడ్డు మీద ఇంకా ఎన్ని ఫ్లాట్లు ఉన్నాయో, అందరూ కలిసి బయటపడే మొగ ఎంత ఉందో చెప్పే కాగితం ఒక్కటి కూడా కనిపించలేదు.

నా బాధంతా అక్కడే. ఒక్కో భవనమూ విడిగా నియమం ప్రకారమే ఉంది. అన్నీ కలిపి చూసుకున్నవాళ్లు లేరు.

మేం వచ్చినప్పుడు మా వీధిలో ఆరు అపార్ట్‌మెంట్లు, మిగిలినవి ఇండిపెండెంట్ ఇళ్లు. కరోనా తర్వాత ఆ ఇళ్లు ఒక్కొక్కటిగా డెవలప్‌మెంటుకు వెళ్లాయి, అంటే స్థలం బిల్డరుకిచ్చి కట్టిన ఫ్లాట్లలో వాటా తీసుకోవడం. ఎదురింటివాళ్లూ వాళ్ల పక్కవాళ్లూ కలిసి 620 గజాలు ఇచ్చారు. బిల్డరుకూ యజమానులకూ చెరిసగం. రెండు కుటుంబాలు, ఒక కారు, మూడు స్కూటర్లు, ఒక మామిడిచెట్టు ఉన్నచోట ఇప్పుడు 15 ఫ్లాట్లు. వాళ్లను తప్పుపట్టడానికి నాకు మనసు రాదు. ఆ పెద్దాయన పిల్లలిద్దరూ ఊళ్లో లేరు, రెండంతస్తుల ఇల్లు ఊడ్చి తుడుచుకునే ఓపిక ఆయన భార్యకు లేదు. మా బోటివాళ్లకు ఇల్లు దొరికింది కూడా అలా ఎవరో తమ స్థలం ఇవ్వబట్టే. కిందటి సంక్రాంతి సెలవుల్లో నోటుపుస్తకం పట్టుకుని వీధి పొడుగునా నడిచి, వాచ్‌మన్‌లను అడిగి లెక్క రాసుకున్నాను. 17 అపార్ట్‌మెంట్లు, 262 ఫ్లాట్లు. మొగ మాత్రం అదే.

రోడ్డు అంచు కూడా రంపపు పళ్లలా తయారైంది. కొత్త భవనం కట్టేటప్పుడు విస్తరణకు స్థలం వదలాలి, దానికి బదులుగా టీడీఆర్ (వదిలిన స్థలానికి బదులు వేరేచోట అదనంగా కట్టుకునే, లేదా అమ్ముకునే హక్కు) లాంటి వెసులుబాట్లు ఉన్నాయి. కనుక కొత్త భవనం ముందు రోడ్డు వెడల్పు. పక్కన పాత ఇల్లు అలాగే ఉంటే అక్కడ ఇరుకు. వెడల్పు ఉన్నచోట ఫ్లాటుకు రెండో కారు నిలబడిపోతుంది. స్టిల్టులో ఒక్కొక్కరికి ఒక్క కారుకే చోటు. చివరికి వాడకంలోకి వచ్చే రోడ్డు ఎక్కడైనా ఇరుకైన చోట ఉన్నంతే.

మెట్రో సంగతి చెబితే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. నా ఉద్యోగం నాంపల్లిలో. 2017 నవంబరులో మియాపూర్ నుంచి మెట్రో మొదలైంది, 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా రెండో ముక్క తెరిచారు. ఆ వారమే నెలపాసు బస్సు మానేశాను. జేఎన్‌టీయూ కాలేజీ స్టేషన్లో ఎక్కితే నాంపల్లిలో దిగడానికి సుమారు అరగంట. పదిహేను స్టేషన్ల దూరం, చెమట పట్టకుండా. ఆ రోజుల్లో ఎంత సంతోషించానో మాటల్లో చెప్పలేను. కానీ మా ఇంటినుంచి ఆ స్టేషను దాకా ఉన్న మూడు కిలోమీటర్లకు సాయంత్రం పూట అంతే సమయం పడుతోంది, వానపడితే ఇంకా ఎక్కువ. షేర్ ఆటోలు పెద్దరోడ్డు మీదే తిరుగుతాయి, వీధుల్లోకి వచ్చే చిన్న బస్సు లేదు, నడుద్దామంటే కాలిబాట మీద దుకాణాల మెట్లు. ఒక పెద్ద ప్రాజెక్టు కట్టినప్పుడు దాని స్టేషనుకు చేరే చివరి మూడు కిలోమీటర్లను కూడా అదే పట్టుదలతో చూడాలని నా కోరిక.

పరిపాలన గీతలు కూడా ఇందులో పాత్ర వహించాయి. 2007లో కూకట్‌పల్లి, కుత్బుల్లాపూర్ సహా 12 మున్సిపాలిటీలు కలిసి జీహెచ్‌ఎంసీ ఏర్పడినప్పుడు మావైపు గ్రామాలు బయటే ఉండిపోయాయి. నిజాంపేట, బాచుపల్లి, ప్రగతినగర్ కలిసి కార్పొరేషన్ అయినది 2019లో. అప్పటికే అపార్ట్‌మెంట్లు చాలావరకు లేచిపోయాయి. 2016 సెప్టెంబరు వానలకు బండారి లేఔట్‌లో సెల్లార్లు మునిగి జనం పడవల మీద బయటికి వచ్చినప్పుడు మా బంధువులందరూ ఫోన్లు చేశారు. మేం కొంచెం మెరక మీద ఉన్నాం కాబట్టి బతికిపోయాం. నీళ్లు వెళ్లే దారీ బళ్లు వెళ్లే దారీ ఇళ్లకంటే ముందు ఉండాల్సినవని అప్పుడే మా వీధిలో అందరికీ తెలిసివచ్చింది.

2019 చలికాలంలో ఒక సాయంత్రం మా అత్తయ్యకు గుండెలో నొప్పి వచ్చింది. అంబులెన్సు పెద్దరోడ్డు దాకా వచ్చి ఆగింది. మొగలో నీళ్ల ట్యాంకరు, దాని వెనుక స్కూలు బస్సు, దాని వెనుక ఏడెనిమిది కార్లు. వాచ్‌మన్ తన ప్లాస్టిక్ కుర్చీ తెచ్చాడు. అందులో అత్తయ్యను కూర్చోబెట్టి మా వారు ఒకపక్క, వాచ్‌మన్ ఒకపక్క పట్టుకుని, ఆ బళ్ల సందుల్లోంచి మొగ దాకా మోశారు. నేను ముందు నడుస్తూ అద్దాల మీద చేత్తో తట్టి జరగమని అడుగుతున్నాను. ఆవిడ కళ్లు మూసుకుని నా పైట కొంగు గట్టిగా పట్టుకుని ఉంది. సమయానికి చేరాం, ఆవిడ ఇప్పుడు క్షేమంగా ఉంది. ఆ కుర్చీ ఇంకా మా గేటు దగ్గరే ఉంది, చూసినప్పుడల్లా నా చేతులు చల్లబడతాయి.

ఆ తర్వాతే గోడ విషయం పట్టుకున్నాం. మా లేఔటు చివర ఆరడుగుల గోడ ఉండేది. గోడ అవతల ఇంకో లేఔటు, వాళ్ల రోడ్డూ మా రోడ్డూ ఒకే వరుసలో ఉంటాయి. లేఔటుకు అనుమతి తీసుకునేటప్పుడు రోడ్లు స్థానిక సంస్థకు రాసి ఇచ్చేస్తారు, అవి ఎవరి సొంతమూ కావు. అయినా దొంగల భయంతో ఎప్పుడో ఎవరో కట్టారు. రెండు అసోసియేషన్లు మూడుసార్లు కూర్చున్నాయి. అవతలి కాలనీ పెద్దావిడ ఒకరు నేరుగా నన్నే అడిగారు: "మీ బళ్లన్నీ మా ఇళ్ల ముందునుంచి వెళ్తే మా మనవలు ఎక్కడ ఆడుకోవాలమ్మా?" ఆ ప్రశ్నకు నా దగ్గర తిరుగులేని జవాబు లేదు. మధ్యేమార్గం దొరికింది: 12 అడుగుల మేర తీయాలి, ట్యాంకర్లూ లారీలూ రాకుండా ఎత్తు తక్కువ కమ్మీ పెట్టాలి, రెండువైపులా స్పీడుబ్రేకర్లు వేయాలి. అంబులెన్సు వస్తే కమ్మీ ఎత్తడానికి తాళం రెండు కాలనీల వాచ్‌మన్‌ల దగ్గరా ఉండాలి.

2021 వేసవిలో ఒక శనివారం ఆ గోడ తీశారు. ఖర్చు ఫ్లాటుకు రెండువందల రూపాయలు కూడా కాలేదు. మర్నాటినుంచే బాచుపల్లి వైపు వెళ్లేవాళ్లు అటునుంచి వెళ్లడం మొదలుపెట్టారు, ఉదయం మొగ దగ్గర హారన్లు సగానికి తగ్గాయి. ఫ్లైఓవర్ల గురించి ఎన్నో చర్చలు వింటున్నాం, అవీ అవసరమే. కానీ శివార్లలో ఇలాంటి గోడలు ఇంకా ఎన్ని ఉన్నాయో కాలనీ కాలనీకీ తిరిగి చూస్తే ఎంతమందికి మేలు జరుగుతుందో!

ఈ వైపు ఫ్లాటు కొనేవారికి నా అనుభవంతో చెప్పేది: లింకు డాక్యుమెంట్లు (పాత అమ్మకాల దస్తావేజులు), ఈసీ (ఆస్తి మీద అప్పులూ లావాదేవీలూ చూపే పత్రం), ఓసీ, రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నంబరు ఎలాగూ చూస్తారు. వాటితోపాటు పనిరోజున ఉదయం ఎనిమిదిన్నరకు వచ్చి వీధి మొగలో ఓ అరగంట నిలబడండి. వీధిలో ఎన్ని పాత ఇళ్లు ఉన్నాయో చూడండి, అవన్నీ రేపటి అపార్ట్‌మెంట్లే. బయటికి రెండో దారి ఉందో లేదో చివరిదాకా నడిచి చూడండి. మీ మెట్ల మీద కంటే ఆ మొగలోనే మీ జీవితం ఎక్కువ గడుస్తుంది.

మొగలో ఉన్న ఆ పాత ఇల్లు కూడా ఈ దసరాకు డెవలప్‌మెంటుకు ఇస్తున్నారు. మూలన స్థలం కోసి వదలాల్సిన గీత ప్లానులో ఉంది, మేం వెళ్లి చూసి వచ్చాం. ఇక మిగిలింది కరెంటు స్తంభమూ ట్రాన్స్‌ఫార్మరూ. వాటిని జరపడానికి కట్టాల్సిన డబ్బు వీధి మొత్తం నుంచి జమ చేస్తున్నాం. ఫ్లాటుకు వెయ్యి చొప్పున 262 ఫ్లాట్లలో ఇప్పటికి 118 మంది ఇచ్చారు. వచ్చే ఆదివారం ఇంకో అపార్ట్‌మెంటుకు వెళ్లాలి.