కెనాన్ హెచ్‌వీ20: సెకండ్ హ్యాండ్‌లో కొనేముందు క్యాసెట్ వేసి తిప్పి చూడండి

కెనాన్ హెచ్‌వీ20 వచ్చింది 2007లో. మినీ డీవీ క్యాసెట్ మీదే హెచ్‌డీ రికార్డు చేసే హెచ్‌డీవీ కెమెరా. నేను సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని చాలా ఏళ్లయింది. ఇంట్లో శుభకార్యాలకీ, చుట్టాల పాత పెళ్లి క్యాసెట్లు కంప్యూటర్లోకి ఎక్కించడానికీ ఇదే వాడుతున్నాను.

పగటి వెలుతురులో బొమ్మ చూస్తే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. పట్టుచీర అంచులో జరీ పోగులు విడివిడిగా కనిపిస్తాయి, పసుపు రాసిన గడప రంగు ఉన్నదున్నట్టు వస్తుంది. రాత్రి ట్యూబ్‌లైట్ కింద మాత్రం గ్రెయిన్ (బొమ్మ మీద ఇసుక చల్లినట్టు చుక్కలు) తప్పదు. సెకనుకు 25 పూర్తి ఫ్రేములు తీసే 25పీ మోడ్‌లో పెడితే కాస్త నయం. గది నిశ్శబ్దంగా ఉంటే టేపు తిరిగే మోటారు చప్పుడు కూడా రికార్డవుతుంది. మైక్ జాక్ ఉంది కాబట్టి విడి మైక్ పెట్టుకోవడమే మంచిది.

కొనేటప్పుడు అమ్మేవాళ్లు జూమ్ తిప్పి, స్క్రీన్ వెలిగించి చూపిస్తారు. అది చాలదు. ఈ కెమెరా ప్రాణమంతా టేపు తిరిగే మెకానిజంలోనే ఉంది. కొత్త క్యాసెట్ పట్టుకెళ్లి హెచ్‌డీవీలో పది నిమిషాలు రికార్డు చేయండి, వెనక్కి తిప్పి చూడండి. తర్వాత వేరే కెమెరాలో తీసిన క్యాసెట్ వేసి చూడండి. టేపు మీది బొమ్మను చదివే హెడ్ అరిగినా, టేపు దారి పక్కకు జరిగినా అక్కడే బయటపడుతుంది. డీవీలో, అంటే హెచ్‌డీ కాని మామూలు పద్ధతిలో తీసిన క్యాసెట్ ఒక్కటీ బాగా ఆడిందని తృప్తి పడొద్దు. డీవీలో ప్రతి ఫ్రేమ్ దేనికదే ఉంటుంది, చిన్న దుమ్ము అడ్డొస్తే నాలుగు గళ్లు మెరిసి పోతాయి. పాల్ (మన దేశపు టీవీ పద్ధతి) హెచ్‌డీవీలో 12 ఫ్రేములు ఒక గుంపు. అదే దుమ్ముకి ఇక్కడ దాదాపు అర సెకను వరకు బొమ్మ బిగుసుకుపోవచ్చు.

అమెరికా నుంచి చుట్టాల చేత తెప్పించుకునేవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. అక్కడ అమ్మినవి ఎన్‌టీఎస్‌సీ (అమెరికా టీవీ పద్ధతి) మోడళ్లు, మన పెళ్లి క్యాసెట్లు పాల్. మన క్యాసెట్లు ఆ మోడళ్లలో సరిగా ఆడవు.

యూఎస్‌బీ ఉంది కదా అని ధీమా పడకండి, అది ఫొటోలకే. వీడియో రావాలంటే కంప్యూటర్‌కి ఫైర్‌వైర్ అనే వేరే పోర్టు ఉండాలి. గంట క్యాసెట్ ఎక్కడానికి గంట పడుతుంది, 11 జీబీ పైనే అవుతుంది. కేబుల్ పెట్టేటప్పుడు కెమెరా, కంప్యూటర్ రెండూ ఆపి ఉంచండి, లేకపోతే పోర్టు కాలిపోయే ప్రమాదముంది.

కాకినాడ, విశాఖ వైపు వాళ్లకి ఒక మాట. ఏసీ కారులోంచి దిగగానే కెమెరా ఆన్ చేయొద్దు. ఉక్కపోతకి లోపల టేపు చుట్టుకుని తిరిగే డ్రమ్ము మీద చెమ్మ పట్టి టేపు అతుక్కుంటుంది. చెమ్మ హెచ్చరిక కనిపిస్తే క్యాసెట్ తీసేసి, మూత తెరిచి, పూర్తిగా ఆరేదాకా ఆగండి.