డెన్మార్క్ యాత్ర: ఎక్కడ ఖర్చు పెట్టాలి, ఎక్కడ చెయ్యి బిగించాలి

కోపెన్‌హాగన్ మెట్రో స్టేషన్లలో టికెట్ గేట్లుండవు. రైలుకు డ్రైవరు కూడా ఉండడు. కాస్ట్రుప్ విమానాశ్రయం 3వ టెర్మినల్ నుంచి నేరుగా ప్లాట్‌ఫాం మీదికి నడిచి వెళ్లిపోవచ్చు. కొత్తవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. తనిఖీ సిబ్బంది ఏ స్టేషన్లోనైనా ఎక్కుతారు. "తెలియదండీ" అంటే నడవదు, జరిమానా రాసి చేతిలో పెడతారు. విమానాశ్రయం నుంచి ఊళ్లోకి మూడు జోన్ల టికెట్ కావాలి. రెండు జోన్లది కొంటే టికెట్ లేనట్టే లెక్క. పన్నెండేళ్లలోపు పిల్లలు ఇద్దరి వరకు ఒక పెద్దవాళ్లతో ఉచితంగా వెళ్లవచ్చు.

నోరెపోర్ట్, కొంగెన్స్ నూటోర్వ్ వైపు బస ఉంటే మెట్రో ఎక్కండి, సుమారు పావుగంట. సెంట్రల్ స్టేషన్ దగ్గర బస అయితే మామూలు రైలే నయం, అదే టికెట్ చెల్లుతుంది. ఒక్క జాగ్రత్త: విమానాశ్రయం స్టేషన్ నుంచే స్వీడన్‌కీ రైళ్లు పోతాయి. బోర్డు మీద మాల్మో పేరు చూడకుండా ఎక్కితే కాసేపటికి కిటికీలోంచి ఓరెసుండ్ వంతెన, కింద సముద్రం కనిపిస్తాయి.

డబ్బు విషయం. ఇక్కడ వాడేది డేనిష్ క్రోనర్, యూరో కాదు. ఒక క్రోనర్ మన లెక్కలో సుమారు 14 రూపాయలు ఉంటుంది. నోట్లు మార్చుకుని తీసుకెళ్లడం దాదాపు అనవసరం, కార్డు లేనిదే కొన్ని కెఫేల్లో కాఫీ కూడా ఇవ్వరు. స్థానికులు చెల్లింపులకు వాడే మొబైల్‌పే యాప్‌కి డెన్మార్క్ బ్యాంకు ఖాతా ఉండాలి కాబట్టి అది మనకు పనికిరాదు. వీసా, మాస్టర్‌కార్డ్ రెండూ దగ్గరుంచుకోండి, పిన్ గుర్తుంచుకోండి. బిల్లులో 25 శాతం పన్నుతో పాటు సర్వీసూ కలిసే ఉంటుంది. టిప్ ఇవ్వకపోతే ఎవరూ ఏమీ అనుకోరు. కార్డు మెషీన్ టిప్ ఎంతని అడిగితే మొహమాటపడకుండా సున్నా నొక్కవచ్చు.

బస దగ్గరే బడ్జెట్ తలకిందులవుతుంది. సెంట్రల్ స్టేషన్ వెనక వెస్టర్‌బ్రోలో హోటళ్లు ఎక్కువ, అన్నిటికీ దగ్గర. కానీ ఇస్టెడ్‌గేడ్ వీధి స్టేషన్ వైపు కొస రాత్రిళ్లు అంత బాగుండదు, పిల్లలతో వెళ్లేవాళ్లు రెండు వీధులు అవతల చూసుకోవాలి. ఫ్రెడెరిక్స్‌బర్గ్ ప్రశాంతం, మెట్రో ఉంది, ధర కాస్త ఎక్కువ. మా ఓటు ఓరెస్టాడ్‌కి. కొత్త భవనాలు, పెద్ద గదులు, విమానాశ్రయం నుంచి రైల్లో కొద్ది నిమిషాలే. అయితే అక్కడికి మెట్రోలో వెళ్లాలంటే క్రిస్టియన్స్‌హావ్న్ దాకా పోయి లైను మారి వెనక్కి రావాలి, అందుకే రైలెక్కండి. కబిన్ గొలుసు హోటళ్లు చవకే గానీ గది ఓడ క్యాబిన్ అంత. రెండు పెద్ద సూట్‌కేసులు తెరిచిపెడితే కాలు పెట్టే చోటుండదు. డాన్‌హాస్టెల్ వంటి యూత్ హాస్టళ్లలో మంచం ధరలో దుప్పట్లు కలవవు, అద్దెకు తీసుకోవాలి. స్లీపింగ్ బ్యాగ్ వేసుకోనివ్వరు. డబుల్ బెడ్ మీద ఇద్దరికీ రెండు వేర్వేరు దుప్పట్లు పెట్టడం ఇక్కడి పద్ధతి, హోటల్‌వాళ్ల పొరపాటు కాదు. పాత భవనాల్లో స్నానాల గదిలో షవర్‌కు అడ్డుగోడ ఉండదు. స్నానం అయ్యాక మూలనున్న రబ్బరు కర్రతో నీళ్లు తోసేయాలి. ఏసీ లేని గదులే ఎక్కువ. మూడు పిన్నుల ప్లగ్ అక్కడ పట్టదు, అడాప్టర్ కావాలి.

తిండి గురించి ముందే మనసు సిద్ధం చేసుకోవాలి. రాత్రి రెస్టారెంట్‌లో ఒక్క ప్లేటు 200 క్రోనర్లు దాటడం మామూలే. అందుకే డబ్బు మధ్యాహ్నం మీద పెట్టండి, రాత్రి సూపర్‌మార్కెట్‌తో సరిపెట్టండి. డెన్మార్క్ వంటలో అసలు గొప్ప మధ్యాహ్నమే ఉంది, దాని పేరు స్మోర్‌బ్రోడ్. పుల్లటి, బరువైన రై రొట్టె పలచటి ముక్క మీద మందంగా వెన్న, దాని పైన దినుసులు గోపురంలా పేరుస్తారు. చేత్తో పట్టుకుంటే కూలిపోతుంది, కత్తీ ఫోర్కుతోనే తినాలి. ముందు ఊరబెట్టిన హెర్రింగ్ చేప, తర్వాత మిగతా చేపలు, ఆ తర్వాత మాంసం, చివర చీజ్: ఈ వరసను వాళ్లు గట్టిగా పాటిస్తారు. ఒక మనిషికి రెండు ముక్కలు చాలు. ఈ దుకాణాల్లో చాలావరకు సాయంత్రానికి మూసేస్తాయి. ఏడింటికి వెళ్లి తలుపు దగ్గర నిలబడి లాభం లేదు.

శాకాహారులు కార్టోఫెల్‌మాడ్ అడగాలి: ఉడికించిన బంగాళాదుంప చక్రాలు, మయొనైజ్, వేయించిన కరకర ఉల్లిపాయ. మయొనైజ్‌లో గుడ్డు ఉంటుంది, కొన్నిచోట్ల పైన బేకన్ ముక్కలు చల్లుతారు కాబట్టి ముందే చెప్పాలి. మాంసాహారుల్లో గొడ్డుమాంసం, పందిమాంసం తిననివాళ్లకు ఇబ్బంది ఇంకా ఎక్కువ. లెవర్‌పోస్టై అంటే పంది కాలేయం ముద్ద. ఫ్రికడెల్లె అనే మాంసపు ఉండల్లో మామూలుగా పంది, దూడ మాంసం కలిపి ఉంటాయి. వీధి బండ్ల మీద ఎర్రటి సాసేజ్‌లదీ ఎక్కువగా అదే కథ. 2014లో ప్రజలు ఓట్లేసి ఎన్నుకున్న జాతీయ వంటకం కూడా వేయించిన పందిమాంసం, పార్స్‌లీ సాసే. ప్యాకెట్ల మీద ఓక్సెకోడ్ అంటే గొడ్డుమాంసం, స్వీనెకోడ్ అంటే పంది, కూలింగ్ అంటే కోడి. పిల్లల జెల్లీ మిఠాయిల్లో జెలటిన్ చూసుకోండి. కారీసిల్ అని కనిపిస్తే మన కూర రుచి ఆశించవద్దు, అది తియ్యటి పసుపు సాసులో చల్లటి హెర్రింగ్.

బేకరీలు మాత్రం నిరాశపరచవు. 1652 నాటి సాంక్ట్ పెడర్స్ బేకరీలో బుధవారం నాడు పెద్ద దాల్చినచెక్క చుట్ట ప్రత్యేకం. లోపలికి వెళ్లగానే వరస కోసం చూడకండి, నంబరు చీటీ యంత్రం ఉందేమో చూడండి. మందుల షాపుల్లోనూ అదే పద్ధతి. ఎంతసేపు నిలబడినా చీటీ లేనివాణ్ణి పిలవరు. టూ గుడ్ టు గో యాప్ 2015లో ఇక్కడే పుట్టింది, సాయంత్రం మిగిలిన బేకరీ సరుకు సంచి చవగ్గా దొరుకుతుంది. సంచిలో ఏముంటుందో ముందు చెప్పరు కాబట్టి మాంసం పట్టింపు ఉన్నవాళ్లు బేకరీలకే పరిమితం కావడం మేలు.

నెట్టో, రెమా 1000, లిడ్ల్ చవక దుకాణాలు. కూల్‌డ్రింక్ సీసా ధర మీద పాంట్ అనే డిపాజిట్ పడుతుంది: క్యాన్‌కు 1 క్రోనర్, లీటరు లోపు ప్లాస్టిక్ సీసాకు 1.50, లీటరు, ఆ పైన అయితే 3. ఖాళీవి నలపకుండా సూపర్‌మార్కెట్ యంత్రంలో వేస్తే రసీదు వస్తుంది, దాన్ని కౌంటర్లో ఇస్తే డబ్బు తిరిగొస్తుంది. బారుకోడు చెడితే యంత్రం తీసుకోదు. మంచినీళ్లు కొనక్కర్లేదు, కుళాయి నీళ్లు తాగవచ్చు. రెస్టారెంట్లో మాత్రం ఆ కుళాయి నీళ్లకే డబ్బు అడగవచ్చు.

ఇంటి నుంచి పచ్చళ్లు, పొడులు పట్టుకెళ్లవచ్చు. నెయ్యి, పాలకోవా, పనీర్, మాంసం పచ్చడి కుదరవు. బయటి దేశాల పాల, మాంసపు సరుకులను ప్రయాణికులు తేవడాన్ని యూరోపియన్ యూనియన్ నిషేధించింది. పచ్చి కరివేపాకు, మామిడిపండ్లకూ మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం అడుగుతారు.

ఇక చూడాల్సినవి. 1913 నాటి లిటిల్ మెర్మెయిడ్ విగ్రహం ఎత్తు 1.25 మీటర్లే, చుట్టూ ఫోన్లెత్తిన జనం. దానికోసం పూట కేటాయించడం దండగ. నూహౌన్ కాలువ ఒడ్డున రంగు ఇళ్ల దగ్గర ఫోటో దిగండి, భోజనం మాత్రం వేరే చోట. కాలువల టూరు పడవ బాగుంటుంది, వ్యాఖ్యానం అక్కర్లేదనుకుంటే 991, 992 నంబర్ల హార్బర్ బస్సు పడవలు మామూలు టికెట్‌తోనే ఎక్కిస్తాయి. 1642లో కట్టిన రుండెటోర్న్ అనే గుండ్రటి బురుజుకు మాత్రం తప్పక వెళ్లాలి. దాదాపు పైదాకా మెట్లు లేవు, 209 మీటర్ల ఇటుక వాలుబాట చుట్టలు తిరుగుతూ పోతుంది, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు కూడా నెమ్మదిగా ఎక్కగలరు. అది కట్టించిన నాలుగో క్రిస్టియన్ రాజు హయాంలోనే, 1616లో, డేనిష్ ఈస్టిండియా కంపెనీ పుట్టి మన మచిలీపట్నం దాకా వ్యాపారానికి వచ్చింది. 1843 నాటి టివోలి వినోద పార్కులో ప్రవేశం వేరు, రైడ్లు వేరు. పిల్లలుంటే రెండూ కలిపి లెక్కేసుకోండి. సీజన్ల మధ్య మూసేస్తారు కూడా.

చూడాల్సిన చోట్లకు ఒకే పాసుగా పనిచేసే కోపెన్‌హాగన్ కార్డ్ రోజుకు మూడు టికెట్టు చోట్లు చూసేవాళ్లకే గిట్టుబాటు. అది గంటల లెక్కన నడుస్తుంది, మధ్యాహ్నం మొదలుపెడితే మర్నాడు మధ్యాహ్నానికి 24 గంటలు అయిపోతాయి. డిస్కవర్ రకంలో రైళ్లు, బస్సులు కలుస్తాయి. హాప్ రకంలో టూరిస్టు బస్సే, మెట్రో ఉండదు. తేడా చూడకుండా కొని విమానాశ్రయంలో ఇరుక్కునేవాళ్లుంటారు. ఈ కార్డు నిజంగా కలిసొచ్చేది ఊరు దాటినప్పుడు. హుమ్లెబెక్‌లో సముద్రం ఒడ్డున ఉన్న లూయిసియానా కళా మ్యూజియం సోమవారం మూత, మంగళవారం నుంచి శుక్రవారం దాకా రాత్రి పదింటి వరకు తెరిచే ఉంటుంది. అదే లైనులో ముందుకు పోతే హెల్సింగోర్, అక్కడ క్రోన్‌బోర్గ్ కోట. పొద్దున కోట, సాయంత్రం మ్యూజియం పెట్టుకుంటే ఒక్క రోజులో రెండూ అవుతాయి. రోస్కిల్డెలో 1962లో సముద్రపు పాయ నుంచి పైకి తీసిన ఐదు వైకింగ్ ఓడలున్నాయి, రైల్లో అరగంట లోపే. బిలుండ్‌లోని లెగో బొమ్మల పార్కు లెగోలాండ్‌కు రైలు స్టేషన్ లేదు, వైలె దాకా రైలు, అక్కణ్ణుంచి బస్సు. దూరపు రైళ్లకు ఆరెంజ్ అనే రాయితీ టికెట్లు ముందే కొంటే బాగా తగ్గుతాయి, కానీ అవి ఆ రైలుకే చెల్లుతాయి. సీటు రిజర్వేషన్ విడిగా చేసుకోవాలి.

సైకిల్ అద్దెకు తీసుకునేముందు నియమాలు తెలియాలి. కుడివైపునే తొక్కాలి. ఆగబోతుంటే చెయ్యి పైకెత్తాలి. ఎడమకు తిరగాలంటే కార్లతో పాటు మధ్యలోకి పోకూడదు; నేరుగా అవతలి మూలకు దాటి, అక్కడ సిగ్నల్ పడ్డాక తిరగాలి. చీకటి పడితే ముందూ వెనకా లైట్లు తప్పనిసరి. ఉదయం ఎనిమిదింటి రద్దీలో కొత్తవాళ్లు దిగకపోవడమే మంచిది, వేగం తగ్గిస్తే వెనకనుంచి గంటలు మోగుతాయి. నడిచేవాళ్లు సైకిల్ దారిలో నిలబడి ఫోటోలు తీయడం ఇక్కడ అందరికీ చిరాకు తెప్పించే పని. ఎస్-టోగ్ అనే లోకల్ రైళ్లలో సైకిల్ ఉచితం, మెట్రోలో దానికీ టికెట్ కావాలి, రద్దీవేళల్లో ఎక్కించరు.

జూన్‌లో రాత్రి పదింటి దాకా వెలుతురే, డిసెంబరులో మధ్యాహ్నం మూడున్నర దాటగానే చీకటి. ఈస్టర్ గురు, శుక్రవారాలు, క్రిస్మస్ రోజుల్లో పెద్ద దుకాణాలు చట్టప్రకారం మూత, ముందురోజే సరుకులు తెచ్చుకోవాలి. ప్రాణం మీదికొస్తే 112. అంతకన్నా చిన్న ఇబ్బందికి కోపెన్‌హాగన్ ప్రాంతంలో నేరుగా ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లకూడదు. ముందు 1813కి ఫోన్ చేస్తే నర్సు వివరాలు అడిగి ఎక్కడికి, ఎన్నింటికి రావాలో చెబుతారు.